చిన్‌జూ వంతు

తౌచెంగ్ రైల్వే స్టేషన్ వెనక వీధిలో వూశ్యోంగ్ వాళ్ళ కాగితాల కొట్టు ఉంది. చచ్చినవాళ్ళ కోసం కాల్చే కాగితపు నోట్లు, అగరుబత్తీలు, ఎర్ర కొవ్వొత్తులు, కాగితంతో కట్టిన మేడలూ కార్లూ అమ్ముతారు అక్కడ. మామూలు రోజుల్లో ఈగలు తోలుకునే ఆ కొట్టులో, వాళ్ళ పంచాంగంలో ఏడో నెల వచ్చిందంటే ఊపిరి సలపదు. ఆ నెలంతా పాతాళం తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. దిక్కులేని ఆత్మలన్నీ ఆకలితో వీధుల మీద పడతాయి. వాటికి గుమ్మం బయటే అన్నం పెట్టి, నోట్లు కాల్చి, మర్యాదగా సాగనంపాలి. ఎవరింట్లోనూ ఇది తప్పదు. ఆ ఆత్మలు మెతుకు ముట్టవు, అన్నంలో గుచ్చిన అగరుబత్తి పొగతోనే వాటి ఆకలి తీరుతుంది.

పేరుకి కొట్టు వూశ్యోంగ్‌ది. నడిపేది మాత్రం అతని భార్య చిన్‌జూ.

ఆ ఆదివారం ఆమె తెల్లారకముందే లేచింది. జుట్టు బిగించి ముడేసుకుంది. బీరువా అడుగున దాచుకున్న తోలు బూట్లు తీసి తుడిచింది. మధ్యాహ్నం రెండింటికి ఆమె వంతు. కొండ మీద, తొమ్మిది మలుపుల ఘాట్ రోడ్డు పైకొసన, షోరూం వాళ్ళు ఒక పెద్ద మోటారు సైకిల్ తెచ్చి పెడుతున్నారు. ముదురాకుపచ్చ ట్యాంకు, రెండు సిలిండర్లు. ఏడో నెలలో అశుభమని కొత్త బండి ఎవడూ కొనడు కాబట్టి ఊరికే నడిపి చూసుకోమని పిలుపు. ఆ రకం బండి తయారీ ఆపేశారు. ఉన్న ఒక్కదాన్నీ ఊరూరా తిప్పి చూపిస్తున్నారు. మర్నాడు దక్షిణానికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఇటు రాదు.

చిన్‌జూకి పంతొమ్మిదేళ్ళప్పుడు అలాంటి బండే ఒకటి వాళ్ళ ఊరి బడ్డీకొట్టు ముందు ఆగింది. నడుపుతున్నది ఒక ఆడమనిషి. దారి అడిగి, మంచినీళ్ళు తాగి, చెయ్యూపి వెళ్ళిపోయింది. అంతే. ఆ చప్పుడు మాత్రం చిన్‌జూ గుండెలో అలా ఉండిపోయింది. పెళ్ళయింది, కొట్టు మీద పడింది, అత్తగారికి ఎనిమిదేళ్ళు మంచం దగ్గర సేవ చేసింది. ఆవిడ పోయిన ఏడాది ఎవరికీ చెప్పకుండా పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుంది.

అది తెలిసినప్పుడు వూశ్యోంగ్ నోట్లో అన్నం ఉండగానే నవ్వాడు. "నీ మోకాళ్ళకి స్కూటరే ఎక్కువ. ఆ బండి కింద పడితే లేపడానికి క్రేను పిలవాలి. దాన్నా, నిన్నా అని క్రేనువాడు అడుగుతాడు."

 ఎదురు మాట అనడం ఆమె ఎప్పుడో మానేసింది.

ఆ పొద్దున అతను గాలం కర్ర చంకలో పెట్టుకుని బయల్దేరాడు. ఊరి చివర రొయ్యల తొట్టి ఉంది. గాలం వేసి పట్టిన రొయ్యల్ని అక్కడే కాల్చుకుని, బీరు తాగుతూ కూర్చుంటారు మగాళ్ళు.

"పన్నెండింటికల్లా వచ్చెయ్యి. ఇవాళ ఒక్కరోజు," అంది చిన్‌జూ.

"వస్తానే తల్లీ. ఎన్నిసార్లు చెబుతావు?"

పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. సాయంత్రం వీధి పూజ కాబట్టి కొట్టు ముందు జనం విరగబడుతున్నారు. ఫోను చేస్తే ఎత్తడు. చేసింది, చేసింది, చెయ్యి నొప్పి పుట్టేదాకా చేసింది. షట్టరు దించేసి పోదామని ఒకటికి రెండుసార్లు కొక్కెం పట్టుకుంది. కానీ ఆ నెలలో అగరుబత్తీల కోసం వచ్చినవాళ్ళ మొహాన తలుపు వెయ్యడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. చెయ్యి రాలేదు.

కొండ మీది సేల్స్ మనిషి కుయాన్‌లిన్‌కి ఫోను చేసింది. "ఆలస్యమవుతోంది బాబూ, కాస్త ఆగుతారా?"

"మూడింటిదాకా ఆగుతాను అక్కా. ఆ తర్వాత మబ్బు దిగితే నడపనివ్వరు," అన్నాడతను. గరగరమని లైను తెగిపోయింది.

వూశ్యోంగ్ తాపీగా వచ్చాడు. ఒళ్ళంతా రొయ్యల వాసన, బీరు వాసన. గోడ గడియారం మూడుకి దగ్గర పడుతోంది.

"అబ్బ, ఏంటా మొహం? ఇంకా పోలేదా నువ్వు?" అన్నాడు.

చిన్‌జూ అతని వైపు చూడకుండా స్కూటరు తాళాలు తీసుకుంది.

ఘాట్ రోడ్డు మీద మొదటి మలుపు దాటేసరికి ఎండ పోయింది. రెండో మలుపులో సముద్రమూ కనపడలేదు, సముద్రంలో తాబేలులా ఉండే దీవీ కనపడలేదు. మబ్బు లోయలోంచి పైకి పాకి, రోడ్డు మీద తెల్లగా కూర్చుంది. ఆ రోడ్డు మీద ప్రాణాలు పోయినవాళ్ళు చాలామంది. లారీల వాళ్ళు ఆ ఆత్మల్ని దారి ఇమ్మని ప్రతి మలుపులోనూ కాగితపు నోట్లు విసిరి పోతుంటారు. తడిసిన నోట్లు టైర్లకి అతుక్కుని చప్ చప్ మంటున్నాయి. తడి బూడిద వాసన గొంతులో పట్టుకుంది. పాత స్కూటరు మూలుగుతూ ఎక్కుతోంది.

అప్పుడు వినపడింది.

పైనుంచి... నిదానంగా, లోతుగా... గుండె కొట్టుకున్నట్టు. ఎన్నేళ్ళయినా ఆ చప్పుడు ఆమె మరిచిపోదు.

మబ్బులోంచి ముందు లైటు వచ్చింది. తర్వాత ఆకుపచ్చ ట్యాంకు. బండి మలుపులో అందంగా వాలి, మళ్ళీ లేచింది. నడుపుతున్నది ఆడమనిషి. హెల్మెట్ అద్దం పైకెత్తి ఉంది. చిన్‌జూ పక్కకి రాగానే వేగం తగ్గించి, ఎడమచెయ్యి చాపి పలకరించింది. నిండుగా నవ్వింది.

బండి దిగువకి పోయింది. చప్పుడు మబ్బులో కలిసిపోయింది.

'నా వంతు ఇంకెవరికో ఇచ్చేశారు' అనుకుంది చిన్‌జూ.  ఆ మొహం ఎక్కడో చూసినట్టుంది. కొట్టుకి వచ్చే మనిషేమో. ఎవరో గుర్తు రాలేదు.

పైన ఖాళీ జాగాలో షోరూం వాళ్ళ వ్యాను, ఒక గుడారం ఉన్నాయి. టీ నీళ్ళలో ఉడికించిన గుడ్లు అమ్మే ముసలావిడ ఒక మూల గిన్నె సర్దుకుంటోంది. మిగతా జనం వెళ్ళిపోయారు. కుయాన్‌లిన్ గుడారం తాళ్ళు విప్పుతూ ఆమెను చూసి ఆగిపోయాడు.

"అదేంటక్కా... స్కూటరు మీద వచ్చారు? బండేది?"

"ఏ బండి?"

"భలేవారే. ఇందాక తీసుకెళ్ళిన బండి." నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "పడలేదు కదా? దెబ్బలేం తగల్లేదు కదా?"

"నేను ఇప్పుడే వస్తున్నాను బాబూ. నా వంతు ఎవరికిచ్చావు?"

కుయాన్‌లిన్ ఆమెను పైనుంచి కిందకి చూశాడు. ముడి చూశాడు. బూట్లు చూశాడు. 

"మీకే ఇచ్చాను," అన్నాడు. "మూడవుతోందని మైకులో పిలిచాను. యౌ చిన్‌జూ, యౌ చిన్‌జూ అని. ఇదిగో వచ్చా అని మీరే... అటునుంచి వచ్చారు."

అతను చూపించిన వైపు రోడ్డు లేదు. రెయిలింగు ఉంది. రెయిలింగు అవతల లోయ.

గుడ్ల ముసలావిడ గిన్నె మూత పెట్టి లేచింది. "నేను చెబుతూనే ఉన్నా," అంది చిన్నగా. "కొండ మీద, మబ్బులో, అందులోనూ ఈ నెలలో... ఇంటిపేరుతో సహా మనిషిని అలా కేకేస్తారా? పిలిచాక ఎవరో ఒకరు పలక్కుండా ఉంటారా?"

"మొహం ఈ అక్కదే అవ్వా! దగ్గరగా చూశాను. హెల్మెట్ నా చేతుల్తో ఇచ్చాను."

"మొహాలదేముంది," అంది ముసలావిడ. చిన్‌జూ కళ్ళలోకి చూడకుండా తన గుడ్ల తోపుడుబండి నెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పుడు తెలిసింది చిన్‌జూకి, ఘాట్ రోడ్డు మీద ఎదురుపడిన మొహం ఎవరిదో. రోజూ అద్దంలో చూసే మొహమే. కానీ అంత సంతోషంగా ఉండగా తను ఆ మొహాన్ని ఎన్నడూ చూడలేదు. అందుకే ఆనవాలు పట్టలేదు.

ఇద్దరూ నిలబడ్డారు. మబ్బు గుడారంలోకి వచ్చేసింది. మాట్లాడితే మాట ముందుకి పోకుండా మొహానికే తగులుతున్నట్టుంది.

గుడ్... గుడ్... గుడ్...

చప్పుడు దిగువనుంచి ఎక్కుతూ వచ్చింది. జాగా చివర, కనపడనంత దూరంలో ఆగింది. ఇంజను ఆగలేదు. బండి మాత్రమే ఆగింది.

"ఎవరది?" అన్నాడు కుయాన్‌లిన్. 



ఇద్దరూ కలిసి వెళ్ళారు. బండి స్టాండు వేసి ఉంది. ఇంజను నెమ్మదిగా కొట్టుకుంటోంది. హెల్మెట్ బండి పక్క అద్దానికి తగిలించి ఉంది. దాని లోపలంతా ఊపిరి ఆవిరి. చుట్టూ ఎవరూ లేరు. నేల మీద తడి అడుగుల జాడ కూడా లేదు.

కుయాన్‌లిన్ హెల్మెట్ తీసి చేతిలో తిప్పి చూశాడు. చివరికి, "అక్కా... మీరు నడుపుతారా?" అన్నాడు. "వంతు మీదే కదా. నేను ఎవరికీ చెప్పను."

చిన్‌జూ దగ్గరకి వెళ్ళింది. ఆకుపచ్చ ట్యాంకు మీద నీటి చుక్కలు వణుకుతున్నాయి. ముప్పై ఏళ్ళకి పైగా కలలో ఎక్కిన బండి. ఎడమచెయ్యి పిడి మీద వేసింది. కుడిచెయ్యి సీటు మీద ఆనించింది.

సీటు వెచ్చగా ఉంది.

ఇప్పుడే లేచి వెళ్ళిన మనిషి వెచ్చదనం. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ చాపుదామనుకుంది... చాపలేకపోయింది.

"వద్దులే బాబూ," అంది.

అతను ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో చిన్‌జూకి ఏడుపొచ్చింది. భయంతో కాదు. ఒళ్ళు మండి.

దిగేటప్పుడు ఏ మలుపు ఎలా దాటిందో ఆమెకు తెలియదు. వీధికి వచ్చేసరికి చీకటి పడుతోంది. పూజ అయిపోయింది. నైవేద్యాల బల్లలన్నీ ఎత్తేశారు. కాల్చిన నోట్ల బూడిద గాల్లో లేస్తోంది. కొట్టు షట్టరు మూరెడు ఎత్తున తెరిచి ఉంది. లోపలినుంచి వెల్లుల్లి వేసి వేయించిన రొయ్యల వాసన, వూశ్యోంగ్ నవ్వు.

షట్టరు ఎత్తబోతూ ఆగిపోయింది చిన్‌జూ. లోపల ఒక ఆడగొంతు మాట్లాడుతోంది.

తన గొంతు.

"...మూడో మలుపులో బండి వాల్చాను చూడూ, నేల వచ్చి మోకాలికి తగులుతుందేమో అనిపించింది. భయం వెయ్యలేదు. చిన్నప్పుడు ఉయ్యాల ఎత్తుకి పోయి వెనక్కి వచ్చేముందు ఒక్క క్షణం ఒళ్ళు తేలిపోతుందే, అలా ఉంది. అక్కడ మబ్బు చీలి సముద్రం కనపడింది. గట్టిగా కేకేశాను. ఎవరున్నారు వినడానికి?"

"అబ్బో," అన్నాడు వూశ్యోంగ్. ఆ స్వరంలో వెటకారం లేదు. "ఇన్నేళ్ళలో నువ్వింత మాట్లాడటం చూడలేదే. ఇంకో రొయ్య వెయ్యనా?"

చిన్‌జూ షట్టరు పక్కన గొంతుక్కూర్చుంది. పారిపోవాలి. కేకేసి నలుగుర్నీ పిలవాలి. ఆ రెండూ చెయ్యలేదు. చెవి రేకుకి ఆనించి వింది. బండి పట్టు ఎలా ఉందో, గేరు మారిస్తే చప్పుడు ఎలా మారిందో, ఆకలిగొన్నదానిలా ఒక్కో మాటా వింది. తనకి దక్కనిది ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారు?

గొంతు ఉన్నట్టుండి ఆగింది.

"బయట ఎవరో ఉన్నారు," అంది లోపలామె.

చిన్‌జూ లేచి షట్టరు మీద కొట్టింది. "వూశ్యోంగ్! తలుపు తియ్యి! నేను, చిన్‌జూని! నీ పక్కనున్నది నేను కాదు!"



"అచ్చం నీ గొంతులాగే ఉందే..." వూశ్యోంగ్ గుసగుసలాడాడు.

"పలక్కు," అందామె అంతకంటే చిన్నగా. "ఈ నెలలో అవి తెలిసిన గొంతుతోనే పిలుస్తాయి. పాపం, ఆకలేసి వచ్చి ఉంటుంది. ఏమైనా పెట్టి పంపించు."

"వూశ్యోంగ్! నా మొహం చూడు! ఒక్కసారి వంగి చూడు!"

వంగలేదు. షట్టరు కింద సందులోంచి ఒక పళ్ళెం మెల్లగా బయటకి జరిగింది. అన్నం, నాలుగు రొయ్యలు, అన్నంలో గుచ్చిన ఒక అగరుబత్తి. పళ్ళెం తోసిన చెయ్యి అతనిదే. 

"తిని వెళ్ళిపో అమ్మా," అన్నాడతను. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెతో ఎన్నడూ మాట్లాడనంత మర్యాదగా అన్నాడు. "మా జోలికి రాకు."

షట్టరు నేలకి దిగింది. లోపల గొళ్ళెం పడింది.

చిన్‌జూ కొట్టింది. పిలిచింది. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో దీపం ఆరిపోయింది. చివరికి పళ్ళెం పక్కనే కూలబడింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. కడుపులో పేగులు మెలిపెడుతున్నాయి. అయినా ఆ పళ్ళెం ముట్టకూడదనుకుంది. ముట్టలేదు.

గాలి తిరిగింది. అగరుబత్తి పొగ సన్నగా ఆమె మొహం మీదికి వచ్చింది.

అన్నం అలాగే ఉంది. రొయ్యలు నాలుగూ అలాగే ఉన్నాయి.

చిన్‌జూ ఆకలి తీరిపోయింది.