బస్సులో మీటింగు

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే ఒక అమ్మాయి బెంచీ ఎక్కి నిలబడింది.

"అయిపోయింది. అందరూ ఒప్పేసుకున్నారు. రేపు సాయంత్రం మీటింగులో కొత్త డ్రమ్సే అడుగుతున్నాను," అని ప్రకటించింది.

ఆ అమ్మాయిని క్లాసులో అందరూ రేడియో అంటారు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నోరు ఆగదు మరి. నిద్రలో కూడా ఆగదని వాళ్ళమ్మ సాక్ష్యం చెబుతుంది.

ఈ మీటింగు మామూలు మీటింగు కాదు. జిల్లాలోని సర్కారు బడుల పిల్లలతో విద్యాధికారి మేడమ్ స్వయంగా మాట్లాడతారట. బడికొకరు చొప్పున మైకు ముందుకొచ్చి, తమ బడికి ఏం కావాలో చెప్పాలి. సబబుగా ఉంటే ఈ ఏడాదే ఇచ్చేస్తారు. కాకపోతే బడికి ఒక్కటే. ఈ బడి తరఫున మాట్లాడేది ఎవరో వేరే చెప్పాలా?

"నీ మాట కాదు, పిల్లలందరి మాటా చెప్పాలి. అందర్నీ అడుగు," అని హెడ్ మాస్టారు మరీ మరీ చెప్పారు.

అడిగింది కూడా. ఆ పొద్దున్నే, ప్రేయరు గంటకు ముందు, గ్రౌండులో పిల్లల్ని పోగేసింది. "పాటల క్లాసుకి కొత్త డ్రమ్స్ కావాలా, వద్దా?" అంది. చేతులన్నీ లేచాయి. పాటల టీచరు ముఖం చేటంత అయింది. పాపం, చిరిగిన డ్రమ్ముకి ప్లాస్టరు అంటించీ అంటించీ ఆవిడ విసిగిపోయి ఉన్నారు.

బెంచీ దిగుతుండగా రేడియోకి వెనక నుంచి చప్పుడు వినిపించింది. కిటికీ పక్కనుండే అమ్మాయి టిఫిన్ డబ్బా మూత మీద రెండు స్పూన్లతో వాయిస్తోంది. చేతికి ఏది దొరికినా అంతే, అందుకే అందరూ టకటక అంటారు. అది వాయిస్తుంటే తినేవాళ్ళు కూడా తినడం మానేసి కాళ్ళతో తాళం వేస్తున్నారు.

రేడియోకి ప్రాణం లేచొచ్చింది. "ఒసేయ్ టకటకా, కొత్త డ్రమ్స్ రాగానే నువ్వే వాయించాలి. నేను పాడతాను, నువ్వు వాయించు. మనల్ని పట్టేవాళ్ళుండరు."

టకటక స్పూన్లు ఆపింది. "నేనెలా వాయిస్తానే? పాటల క్లాసు బడి వదిలాక. మా బస్సేమో చివరి గంట కొట్టగానే వెళ్ళిపోతుంది."

"మరి పొద్దున అడిగినప్పుడు చెప్పొద్దూ?"

"ఎప్పుడడిగావు?"

"ప్రేయరు గంటకు ముందు."

"అప్పటికి మా బస్సు వంతెన మీదే ఉంటుంది. మేము గంటతో పాటే కదా గేట్లోకి వచ్చేది?"

ఆ వరసలో కూర్చున్న వంతెన అవతలి పిల్లలంతా తలలు తిప్పి చూశారు. "మమ్మల్నెవరూ ఏమీ అడగలేదు," అన్నాడొకడు నోటి నిండా ముద్దతో.

తప్పయిందని అక్కడితో ఆగితే బాగుండేది. కానీ రేడియో పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"నేను అందరికీ ఒకే టైము పెట్టాను. మీరు ఆలస్యంగా వస్తే నా తప్పా?"

"బస్సు నేను నడుపుతున్నానా?" అంది టకటక. డబ్బాకి మూత పెట్టేసి అటు తిరిగి కూర్చుంది. మళ్ళీ ఆ రోజంతా వాయించలేదు.

సాయంత్రం రేడియో ఇంట్లో ఉపన్యాసం ప్రాక్టీసు చేసింది. ఇల్లంటే బడికి ఎదురుగానే. ముందు గదిలో నాన్న దర్జీ పని, వెనక గదుల్లో కాపురం. గంట మోగాక బయల్దేరినా రేడియో సమయానికి బడిలో ఉంటుంది.

"మా బడి పిల్లలందరి కోరికా ఒక్కటే," అని మొదలుపెట్టింది.

"చెయ్యెత్తు," అన్నారు నాన్న, మీటింగుకి కుడుతున్న గౌను భుజానికి ఆనించి చూస్తూ. "అందరిదీ ఒక్కటేనా? ఈ ఇంట్లో నలుగురం. రాత్రికి ఏం వండాలన్నదాని మీదే ఏనాడూ ఒక్క మాట మీదకి రాలేదు. మీ బడిలో అంత మందీ ఎలా వచ్చారే?"

రేడియో ఎత్తిన చెయ్యి దించేసింది. నాన్న నిజంగానే ఆశ్చర్యపోతున్నారు. జవాబు కోసం సూది పట్టుకుని చూస్తున్నారు కూడా.

"నాన్నా, గౌను సంగతి చూడు," అంది. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాగానే టకటక దగ్గరికి పరిగెత్తింది. "నీ మాట నువ్వే చెప్పుకో. సాయంత్రం మీటింగుకి నాతో పాటు రా."

"మీటింగు ఎప్పుడు?"

"బడి వదిలాక..." అని నాలుక కరుచుకుంది.

"నువ్వే చెప్పేయిలే," అంది టకటక. "ఎప్పుడూ నువ్వేగా చెప్పేది." ఆ మాట రేడియోకి చురుక్కుమని తగిలింది.

సాయంత్రం మీటింగు హాలు కిటకిటలాడిపోయింది. జిల్లా నలుమూలల నుంచీ పిల్లలే పిల్లలు. మైకు కుయ్యిమంటే నవ్వులు, ఎవరి బడి పేరు చెబితే వాళ్ళ ఈలలు. ఒక బడి లైబ్రరీ అడిగింది, ఇంకో బడి తాగే నీళ్ళు అడిగింది. రేడియోకి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఇంతమంది ముందు, ఇంత పెద్ద మైకులో మాట్లాడాలని పుట్టినప్పటి నుంచీ కోరిక. పాటల టీచరు ముందు వరసలో కూర్చుని రెండు బొటనవేళ్ళూ ఎత్తి చూపించారు.

రేడియో వంతు వచ్చింది.

"మా బడికి కొత్త డ్రమ్స్ కావాలి మేడమ్," అంది. గొంతు హాలంతా ఖంగుమంది.

విద్యాధికారి మేడమ్ కళ్ళజోడు సర్దుకుని నవ్వారు. "మంచి కోరిక. మీ బడి పిల్లలందరూ ఇదే అన్నారా?"

ఔనంటే చాలు, డ్రమ్స్ వచ్చేస్తాయి. రేడియో పాటల టీచర్ని చూసింది. ఔను అనే మాట నాలుక చివరికి వచ్చింది. ఎంత తోసినా బయటికి రాలేదు.

"లేదు మేడమ్. వంతెన అవతల నుంచి బస్సులో వచ్చేవాళ్ళని నేను అడగలేదు. వాళ్ళు రాకముందే అడిగేసి, అందరినీ అడిగానని చెప్పుకున్నాను. తప్పు నాదే."

పాటల టీచరు బొటనవేళ్ళు కిందికి దిగిపోయాయి.

"పోనీ, వాళ్ళెవరైనా ఇక్కడ ఉన్నారా?" అన్నారు మేడమ్.

"ఎలా ఉంటారు మేడమ్? మీరు కూడా బస్సు వెళ్ళిపోయాకే పెట్టారు కదా మీటింగు."

హెడ్ మాస్టారు తల పట్టుకున్నారు. కానీ వెనక నుంచి ఎవరో అరిచారు, "మా బడి బస్సు పిల్లలు కూడా రాలేదు మేడమ్." ఇంకో మూల నుంచి "మావాళ్ళు కూడా." నిమిషంలో హాలంతా గోల. మేడమ్ బల్ల మీద చరిస్తే గానీ సద్దుమణగలేదు.

"సరే. నా పొరపాటూ ఉంది," అన్నారావిడ. "మరి మీ బడి మీటింగు ఎక్కడ పెట్టమంటావు?"

"బస్సులో పెట్టండి."

అందరూ ఘొల్లుమన్నారు. మేడమ్ మాత్రం నవ్వలేదు. "నాకు సీటు దొరుకుతుందా?"

"దొరకదు మేడమ్. నిలబడాలి."

మర్నాడు చివరి గంట కొట్టగానే బస్సు ఎక్కిన వాళ్ళలో విద్యాధికారి మేడమ్ ఉన్నారు, హెడ్ మాస్టారు ఉన్నారు, పాటల టీచరు ఉన్నారు. రేడియో కూడా ఉంది, ఆ బస్సు ఎక్కడం అదే మొదటిసారి. బస్సు ఎక్కనివాళ్ళని ఆ పొద్దున ప్రేయరయ్యాక మళ్ళీ అడిగితే, బస్సువాళ్ళు ఏది కోరితే అదే తమ మాట అన్నారు. మలుపు తిరిగినప్పుడల్లా హెడ్ మాస్టారు ఎవరో ఒకరి ఒళ్ళో పడుతుంటే పిల్లలు పడీ పడీ నవ్వారు.

"చెప్పండర్రా," అన్నారు మేడమ్ రాడ్డు పట్టుకుని.

ఇక చూడండి. మా స్టాపులో నీడ లేదని ఒకరు, ఆటల పోటీలన్నీ బడి వదిలాకే పెడతారని ఒకరు, లెక్కలు అర్థం కాకపోతే ఆగి అడగడానికి కూడా వీల్లేదని ఇంకొకరు. మనసులో ఎన్ని మాటలు దాచుకున్నారో. టకటక అయితే సీట్లోంచి లేచి నిలబడి, "పాటల క్లాసున్న రోజైనా మాకు ఇంకో బస్సు కావాలి మేడమ్," అంది. అంతా ఒక్కసారి "ఔను, ఔను" అన్నారు.

మధ్యలో దూరి మాట్లాడాలని రేడియో నోరు దురద పుట్టింది. కష్టం మీద ఆపుకుంది.

మేడమ్ డ్రైవరు వైపు వంగి అడిగారు. "డ్రైవరు గారూ, సాయంత్రం ఇంకో ట్రిప్పు వేయగలరా?"

"డీజిలు పోయించండి మేడమ్, వేస్తాను. అడగందే అమ్మయినా పెట్టదు కదా, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు," అన్నాడాయన.

మేడమ్ అందరి వైపూ తిరిగారు. "బస్సిస్తే ఈ ఏడాది డ్రమ్స్ ఇవ్వలేను. ఏది కావాలో మీరే చెప్పండి. బస్సు కావాలన్నవాళ్ళు చేతులెత్తండి."

రేడియో ప్రాణం ఉసూరుమంది. అయినా చెయ్యెత్తింది. పాటల టీచరు ఒక నిట్టూర్పు విడిచి తనూ ఎత్తారు. బస్సంతా చేతులే. కేకలకి కిటికీ అద్దాలు అదిరాయి.

"అయితే అందరూ ఒప్పుకున్నట్టేనా?" అన్నారు మేడమ్ రేడియోతో.

రేడియో నోరు తెరిచింది. తెరిచినది అలాగే మూసి, చేతుల మధ్య నుంచి తల వంచి చివరి సీటు దాకా చూసింది. అక్కడ ఒకటో క్లాసు చిట్టిది ఒకతి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టకటక చెల్లెలు. చెయ్యి ఎత్తలేదు.

రేడియో వాళ్ళనీ వీళ్ళనీ తప్పించుకుంటూ వెళ్ళి, ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "నువ్వు ఎత్తలేదేం?"

చిట్టిది అక్క వైపు చూసింది. "అక్క అక్కడే ఉండిపోతే, నేను ఒక్కదాన్నే ఇంటికి వెళ్ళాలి కదా. తోవలో కుక్కలుంటాయి."

టకటక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, దీన్ని నేను కూడా అడగలేదే," అంది.

బస్సు ఊగుతూ వంతెన ఎక్కింది. రేడియోకి చెప్పడానికి నాలుగైదు ఉపాయాలు తోచాయి. ఒక్కటీ చెప్పలేదు.

"మరి నీకెలా ఉంటే బాగుంటుంది?" అని అడిగింది.

"నేను కూడా పాటల క్లాసులో కూర్చుంటాను. అక్కతో పాటు రెండో బస్సులో వస్తాను."

"గొంతుందా నీకు?" అన్నారు పాటల టీచరు.

చిట్టిది ఊపిరి పీల్చి ఒక్క రాగం తీసింది. డ్రైవరు ఉలిక్కిపడి అద్దంలోకి చూశాడు. బస్సంతా చప్పట్లు. "ఇద్దరికీ బస్సు," అన్నారు మేడమ్ నవ్వాపుకుంటూ.

రేడియో మాత్రం అక్కడ్నుంచి లేవలేదు. గడ్డం కింద చేతులు పెట్టుకుని, "ఇంకా?" అంది.