అమ్మ పెట్టిన బ్యాకప్

పొద్దున ఉద్యోగానికి వెళ్లిన పిల్ల పదింటికల్లా గుమ్మంలో నిలబడితే ఏ తల్లి గుండైనా గుభేలుమంటుంది. చొక్కాకి కాలరు కుడుతున్న అమ్మ మిషను ఆపేసింది.

“ఏమే బుడ్డీ, ఒంట్లో బాలేదా?”

“పోలీసులొచ్చి ఫోను పట్టుకుపోయారమ్మా.”

కూతురిది ఊరి నీళ్లు పరీక్షించే ల్యాబులో పని. నీళ్లలో విషం ఉందన్న రిపోర్టును పైవాళ్లు తొక్కిపెడితే, ఈ మహాతల్లి దాన్ని పేపరుకి పంపింది. ఆ రిపోర్టు ఫొటో తీసి ఇచ్చింది మాత్రం ల్యాబులో సీసాలు కడిగే అక్క. ఆమెకి ఇద్దరు చంటిపిల్లలు. పేరు బయటపడితే జైలే.

“అయ్యో, ఆమెతో మాట్లాడిందంతా ఆ ఫోన్లోనే కదే!”

“ఫోనుకి లాకుంది, తెరవలేరు. మేం మెసేజీలు పంపుకునే యాప్ కంపెనీ వేరే దేశంలో ఉంది, మన కోర్టు ఆర్డరు అక్కడ చెల్లదు. చెల్లినా మన మెసేజీలు వాళ్లకే కనపడవు. నువ్వు కంగారు పడకు,” అంటూనే మంచినీళ్లు సగం మీద ఒలకబోసుకుంది.

అమ్మ చొక్కా పక్కన పెట్టేసింది. “మరి... బ్యాకప్పో?”

“ఏం బ్యాకప్పు? నేను పెట్టలేదే!”

“నేను పెట్టాను. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు చాట్లకి ఇంకోచోట నకలు దాచమంటారా అని ఫోను అడిగింది. అవునని నొక్కాను.”

“చంపేశావమ్మా! అది ఈ దేశంలో ఇంకో కంపెనీ దగ్గర, ఏ తాళం లేకుండా పడుంటుంది. ఇక్కడి జడ్జి సంతకం పెడితే మొత్తం ఇచ్చేస్తారు. నా ఫోను నిన్నెవరు ముట్టుకోమన్నారు?”

“మీ నాన్న గొంతు పోతుందని భయమేసిందే!” అమ్మ అరిచినంత పని చేసింది.

పోయిన ఏడాది కన్నుమూసిన నాన్న పంపిన వాయిస్ మెసేజీలన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి. ఆదివారం వస్తే అమ్మ వాటిని వినందే అన్నం ముట్టదు.

బయట బండి ఆగింది. పక్కింటాయన తలుపు తాళం తీస్తున్న చప్పుడు వినిపించాక గానీ ఇద్దరూ కదల్లేదు.

ఇంట్లో కంప్యూటర్లో కూతురి ఖాతా తెరిచే ఉంది. బ్యాకప్ తుడిచెయ్యడం ఇక్కడినుంచే కుదురుతుంది. దాన్ని విప్పి నాన్న గొంతు వేరేగా దాచుకోవాలంటే మాత్రం ఆమె నంబరుకొచ్చే కోడ్ కావాలి. సిమ్ పోలీసుల దగ్గరుంది.

“ఆర్డరు ఎప్పుడొస్తుందే?”

“ఈపాటికి వచ్చే ఉంటుందేమో, తెలీదు.”

“ఫోను తిరిగిస్తారా?”

“ఇవ్వరమ్మా.”

కూతురు మౌస్ పట్టుకుంది గానీ వేలు ఆడలేదు. “నావల్ల కాదు... నాన్న...”

“లే, నువ్వు లే.” అమ్మ ఆమెను జరిపి కుర్చీలో కూర్చుంది. “ఎక్కడ నొక్కాలో చూపించు. నేను మీ నాన్న గొంతైనా విన్నాను. ఆ పసివాళ్లకి వాళ్లమ్మ గొంతు వినపడొద్దూ?”

నొక్కింది. తెర ఖాళీ అయిపోయింది.

“నన్ను క్షమించమ్మా, నిన్ను నానా మాటలూ అన్నాను,” కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఊరుకో. ఆయన మాటలు నాకు కంఠతా వచ్చు. ‘బుడ్డీ, మీ అమ్మకి చెప్పకు, ఇవాళ కూడా...’” అని ఆయనలా అనబోయింది. ఆ గొంతు రాలేదు. కూతుర్ని గట్టిగా వాటేసుకుని, ఆయన పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.