కొండ అంచున అర నిమిషం

"జారి పడ్డాడట. నువ్వు నమ్ముతావా?" అంటూ చీఫ్ టేబుల్ మీది ఫోటోని ముందుకు తోశాడు.

ఫోటోలో డిపార్ట్‌మెంట్ ఫోటోగ్రాఫర్. సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన నల్లటి కొండల కింద, రాళ్ళ మీద బోర్లా పడి ఉన్నాడు.

"కొండ అంచున అరచేతి వెడల్పు జాగా దొరికితే కాపురం పెట్టే రకం సార్ వాడు. జారడు," అన్నాడు ఏజెంట్ కొంగ. గంటల తరబడి కదలకుండా కాపు కాస్తాడని ఆఫీసు పెట్టిన పేరు అది.

బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. రేపు సాయంత్రం ఆ కొండల మధ్య ఇరుకు దారిలో ప్రయాణికుల ఓడ వెళుతుంది. దాన్ని ముంచాలని ఒక విదేశీ ముఠా పథకం వేసింది. ఎలా ముంచుతారో తెలియదు, అది కనిపెట్టడమే కొంగ పని. ఓడ కెప్టెన్ కొంగకి సొంత అక్క. కొంగ వెయ్యాల్సిన వేషం క్యాలెండర్ ఫోటోగ్రాఫర్. తోడు రాణి, ముఠాలో మన మనిషి.

మర్నాడు కొండ మీద రాణి ఎదురొచ్చింది. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, చూపు తిప్పుకోనివ్వని అందం. "బైనాక్యులర్స్‌తో అంగుళం అంగుళం వెతికాను. దారి క్లీన్," అంది. ఆ మాటే ఆఫీసుకీ పంపింది.

కాలర్ రేడియోలో చీఫ్ పలికాడు. "మిషన్ క్యాన్సిల్. వచ్చెయ్."

"రాను సార్."

"ఇది ఆర్డర్!"

"వినపడింది. అయినా రాను. చచ్చినవాడు నా స్నేహితుడు, వస్తున్నది మా అక్క. ఉద్యోగం పీకేస్తే పీకెయ్యండి."

కొంగ ఆఫీసు లైన్ కట్ చేసి ఓడ చానెల్‌కి మారాడు. కింద కెరటాలు రాళ్ళకి కొట్టుకుని దారంతా తెల్లటి నురగ. కంటికి ఇంకేమీ ఆనడం లేదు. ట్రైపాడ్ బిగించి, లెన్స్‌కి నల్ల ఫిల్టర్ తగిలించి, షట్టర్‌ని అర నిమిషం తెరిచి ఉంచాడు. సముద్రాన్ని ఫోటో తీసేవాళ్ళ పాత పద్ధతి అది. కదిలే నీరంతా పొగలా మసకబారుతుంది. కదలనిది మాత్రం స్పష్టంగా నిలుస్తుంది.

స్క్రీన్ మీద బూడిదరంగు పొగ, దాని నడుమ సన్నటి తెల్ల కడ్డీ! నీటి కింద రాతికి కట్టిన బాంబుకి యాంటెనా. నురగలో కలిసిపోతుందని తెల్ల రంగు పూసి మురిసిపోయారు పాపం. ఇలాంటి ఫోటో తీసినందుకే స్నేహితుణ్ణి తోసేశారని కొంగకి అర్థమైంది.

"ఫోటో బాగా వచ్చిందా?" అంది రాణి. కొంగ నడుముకి పిస్తోలు గుచ్చుకుంది. ఆమె రెండో చేతిలో పౌడర్ డబ్బా, మూత కింద ఎర్ర బటన్. మలుపు తిరిగి ఓడ ఇరుకులోకి వస్తోంది.

"చేతులెత్తు!"

"ఎత్తను. వాణ్ణి తోసిన చేతులకి నేను చేతులెత్తాలా?" కొంగకి భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. "అక్కా! ఎదురుగా బాంబుంది, పూర్తిగా కుడికి తిప్పు!"

"ఒరేయ్, కుడివైపు కొండరా!"

"గీసుకున్నా పర్లేదు, తిప్పక్కా!"

కొంగ విసురుకి ట్రైపాడ్ గిర్రున తిరిగి రాణి మణికట్టుకి తగిలింది. పిస్తోలు సముద్రంలోకి ఎగిరింది. ఆమె మాత్రం బటన్ నొక్కేసింది. కొండంత నీరు లేచింది. కొండని గీసుకుంటూ పక్కకి జరిగిన ఓడ ఊగిసలాడి, నిలదొక్కుకుంది.

కొంగ రాణి చేతికి బేడీలు వేస్తుండగానే చీఫ్ ఓడ చానెల్‌లోకి చొరబడ్డాడు. "ఆర్డర్ ధిక్కరించావు. నిన్ను సస్పెండ్ చేస్తున్నాను!"

"దయచేసి చెయ్యండి సార్," అంది అక్క. "లీవు ఎలాగూ ఇవ్వరు. వాడు ఇంటికొచ్చి ఏడాదైంది."