నవ్వని క్లాసు

పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని కూతురిని వెక్కిరించడం హనుమంతుకు టిఫిన్ కన్నా ఇష్టం. ఫిల్మ్‌నగర్‌లో పాతికేళ్లు కామెడీ ట్రాకులు రాసిన మనిషి మరి! హిమజ ఎర్రగడ్డ వైపు ఒక నర్సింగ్ కాలేజీలో మానసిక రోగుల సేవ గురించి పాఠం చెబుతుంది. ఆ పాఠంలో కథలు చదివిస్తుందని తెలిసినప్పటి నుంచి ఆయనకు నవ్వాగడం లేదు.

"సూదులేసే పిల్లలకు కథలేంది బిడ్డా? కథలు మేం చూసుకుంటం గదా," అన్నాడు.

వంటింట్లో తల్లి రాజమ్మ స్టవ్ ఆపిందో లేదో చూసుకుంటోంది, మళ్లీ చూసుకుంటోంది. ఇరవై ఏళ్లుగా అదే బాధ. డాక్టర్ దగ్గరికి రమ్మని హిమజ ఎంత బతిమాలినా రాదు. జనం నవ్వుతారట. నవ్వరా మరి? పెళ్లి మండపం నుంచి పదిసార్లు ఇంటికి పరిగెత్తి గ్యాస్ చూసుకొచ్చే పిచ్చి అత్తను సినిమాలో పెట్టి ఊరందరినీ నవ్వించింది ఈ మహానుభావుడే.

"ఆ గ్యాస్ సీనే ఇయ్యాల నా క్లాసుల పాఠం, నాయినా. వస్తవా?" అంది హిమజ.

సన్మానమే అనుకున్నాడు. పట్టు లాల్చీ తొడుక్కుని మరీ బయల్దేరాడు. శాలువా ఉంటుందా అని దారిలో రెండుసార్లు అడిగాడు కూడా.

క్లాసులో ఒకమ్మాయి సీను చదివింది. నవ్వు రావాల్సిన ప్రతిచోటా హనుమంతు ముందే నవ్వాడు. పిల్లలెవరూ నవ్వలేదు, తిరిగి ఆయన వైపు చూశారు.

తర్వాత హిమజ, రాసినవాళ్ల పేరులేని ఒక కథ చదివించింది. గ్యాస్ వదిలేశానేమో, నిద్రపోతున్న పిల్లకు ఏమైపోతుందో అని గుండె దడదడలాడే ఇల్లాలు తానే చెప్పుకున్న కథ.

"స్టవ్ దగ్గరికి పోయినప్పుడల్లా ఆయన నా వెనకే వచ్చేటోడు. ధైర్యం చెప్తడనుకునేదాన్ని. ఒకనాడు చూస్తె చేతిల నోట్‌బుక్. నేనన్న మాటలన్నీ రాసుకుంటుండు."

అది రాజమ్మ రాసిందని హనుమంతుకు వేరే చెప్పాలా?

"ఈమెకు ముందుగాల ఏం కావాలె?" అని హిమజ పిల్లలను అడిగింది.

"పక్కనున్నోళ్లు నవ్వకుంటే చాలు, మేడం," అంది చదివిన అమ్మాయి.

ఇంటికొచ్చి రాజమ్మ ఎదుట నిలబడ్డాడు. కళ్లనీళ్లు కారుతుంటే పసిపిల్లాడిలా మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఆ కథ చదివించమన్నది నేనే," అంది రాజమ్మ.

"తప్పయింది రాజమ్మా. డాక్టర్ దగ్గరికి పోదాం పా. నేను తోడొస్త."

రాజమ్మ చీర మార్చుకోవడానికి లేచింది.

"వస్త. లోపలికి బిడ్డ వస్తది. నువ్వు బయట కూసో."