తలుపు వేసే ఫంక్షన్

శీతల గిడ్డంగికి ఆ మధ్యాహ్నం సెలవు. కంప్రెసర్ల హోరు తప్ప మనిషి అలికిడి లేదు. అక్కడి తలుపులను కంప్యూటరుతో నడిపించే ప్రోగ్రామరు వాచ్‌మన్‌ను గేటు దగ్గరికి పంపేసి, తన పాత తప్పును గుట్టుచప్పుడు కాకుండా సరిదిద్దుకోవడానికి కూర్చున్నాడు.

ఆ తప్పుకు ఒక నిండు ప్రాణం పోయింది. గదిలో ఎవరూ లేరని తేలాకే తలుపు పడాలి. అందుకని తలుపు వేసే ఫంక్షన్‌నూ, అంటే ఆ పని చేసే ప్రోగ్రాం ముక్కనూ, గది నంబరునూ విడివిడిగా, గది ఖాళీయో కాదో చూసే కాపలా ఫంక్షన్ చేతికి అందించాలి. అదును చూసి అదే పిలుస్తుంది. ఈ మహానుభావుడు తొందరలో రెండూ కలిపి రాసేశాడు. ఊరికే అందించాల్సిన ఫంక్షన్ కాస్తా అక్కడికక్కడే నడిచి తలుపు వేసేసింది. నాలుగో గదిలో ఫ్యాను బిగిస్తున్న మెకానిక్ లోపలే గడ్డకట్టిపోయాడు. ఆ మెకానిక్ ఇతని సొంత అక్క మొగుడు.

"తాగి వెళ్ళి తలుపు తనే వేసుకున్నాడు" అని ప్రోగ్రామరు కళ్ళార్పకుండా అందరికీ చెప్పాడు.

"ఆయన చుక్క ముట్టరురా" అని అక్క ఒక్కతే మొత్తుకుంది. ఎవరు వింటారు? పోయినవాడు తిరిగొచ్చి అడగడు కదా!

ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాడు. ఫంక్షన్ వేరుగా, దానికిచ్చే గది నంబరు వేరుగా. మనిషి లోపలుంటే తలుపు పడకూడదు. అది తేలాలంటే ఎవరో ఒకరు లోపలుండాలి. ట్యాబ్లెట్ కంప్యూటరు పట్టుకుని తనే నాలుగో గదిలోకి అడుగుపెట్టాడు.

మంచు వాసన. తడిసిన రబ్బరు వాసన. తలుపు తెరిచే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

టక్... టక్...

ఫ్యాను వెనక ఎవరో స్పానర్‌తో కొడుతున్నారు.

"ఎవరది?"

"నేనే బామ్మర్దీ..." చెవి పక్కనే గుసగుస. "బిగించడం ఇంకా అవలేదు."

ట్యాబ్లెట్ చూశాడు. తలుపు వేసే ఫంక్షన్ కాపలా ఫంక్షన్ చేతిలో భద్రంగా ఉంది. గది నంబరు ఇచ్చిన చోట మాత్రం నంబరు లేదు. 'బామ్మర్ది' అని ఉంది.

పరుగెత్తాడు. తలుపు పడింది.

"బావా... తప్పయింది బావా... అక్కకు నిజం చెప్పేస్తాను..."

"మీ అక్కకు తెలుసు. చెప్పాల్సింది మిగతావాళ్ళకి." గుసగుస నవ్వింది. "అయినా ఎలా చెప్తావులే... తాగి ఉన్నావుగా."

మర్నాడు తలుపు విరగ్గొట్టారు. గదంతా మందు కంపు.

"తాగి వెళ్ళి తలుపు తనే వేసుకున్నాడు, పాపం" అన్నాడు వాచ్‌మన్.

తమ్ముడు కూడా చుక్క ముట్టడని అక్కకు తెలుసు. అయినా ఆమె నోరు విప్పలేదు. బిగుసుకుపోయిన అతని గుప్పిట విప్పి, అందులోని స్పానర్ తీసుకుంది. చితి మీద మొగుడి చేతిలో పెట్టి తనే సాగనంపిన స్పానర్ అది. అంత చలిలోనూ వెచ్చగా ఉంది.