నల్లబడుతున్న కేకు

తెల్లారుతూనే కోడలు ఓవెన్ తలుపు తెరిచి, ట్రే బయటికి లాగి, అలాగే నిలబడిపోయింది. నిన్నటి కేకే నల్లగా వచ్చిందనుకుంటే, ఇవాళ్టిది దాన్ని తలదన్నేలా ఉంది. చాక్లెట్ కేకన్నాక ముదురు రంగే ఉంటుంది, ఆ మాత్రం ఆమెకీ తెలుసు. కానీ ఇది వంటింటి లైటు వెలుగుని కూడా మింగేస్తోంది. చాకు దించితే ఎక్కడ కోసిందో ఆమెకే కనిపించలేదు.

పోనీ మాడిందా అంటే అదీ లేదు. వేలితో నొక్కితే మెత్తగా దిగి, మళ్లీ పైకి లేచింది. కోకో పొడి ఎప్పటి డబ్బాలోదే, కొలతలు మామగారు చెప్పినవే. మాడని కేకు ఇంత నల్లగా ఎలా వస్తుందో తెలియక ఆమెకి వెన్నులో చలి పుట్టింది.

ఇంటి ముందు గదే వాళ్ల కేకుల దుకాణం. మామగారు బతికున్నంతకాలం అత్తగారిని తప్ప ఎవర్నీ ఓవెన్ దగ్గరికి రానిచ్చేవారు కాదు. అప్పట్లో కోడలు పొద్దున్నే ఆసుపత్రి కౌంటర్లో ఉద్యోగానికి పరుగెత్తేది. మంచాన పడ్డాక ఆయన కొలతలన్నీ ఆమెకి నోటితో చెప్పి, దుకాణం మూయొద్దని మాట తీసుకుని కన్నుమూశారు. గుడ్డు తిన్నగా పగలగొట్టడం కూడా రాని మనిషి, ఉద్యోగం మానేసి ఆ పని నెత్తినేసుకుంది. నెలలు గడిచేసరికి చెయ్యి తిరిగింది. అత్తగారు మాత్రం ఆయన పోయిన దిగులుతో చాలాకాలం మంచం దిగలేదు. ఈ మధ్యే లేచి ఇంట్లో తిరుగుతుంటే, అమ్మయ్య అనుకున్నారు అందరూ. కేకు నల్లబడటం మొదలైంది కూడా ఈ మధ్యే.

కాసేపటికి పక్కవీధి డ్రాయింగు మాస్టారు నిన్న కొన్న కేకు డబ్బాతో వచ్చారు.

"ఏమీ అనుకోకమ్మా. మీ మామగారి కేకు తిన్న నోరు కదా, ఊరుకోలేక చెబుతున్నా. నాలుక్కి సబ్బు తగిలినట్టుంది."

సిటీ బస్సు నడిపే మొగుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, ఓ ముక్క నోట్లో వేసుకుని, సింకు దగ్గరికి పరుగెత్తాడు.

"ఏం కలుపుతున్నావు ఇందులో?"

"మామయ్యగారు చెప్పిందే."

"నాన్న ఇలా చేశాడా ఎప్పుడైనా? బొగ్గుల కొట్టనుకుంటారు జనం! చేతకాకపోతే చెప్పు, మూసేద్దాం."

ఆమెకి ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. రోజూ పిండీ కోకో కలిపి, గిన్నె మీద మూతపెట్టి, షట్టరు ఎత్తి దుకాణం ఊడవడానికి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి మూత పక్కకి జరిగి ఉంటుంది. పెరుగూ వేడినీళ్లూ పోస్తే గిన్నె బుసలు కొడుతుంది. ఊడుస్తుంటే వంటింట్లోంచి చిన్నగా ఓ గొంతు, ఎవరో ఎవరికో జవాబు చెప్పినట్టు వినిపిస్తుంది. మొగుడికి చెబితే పిచ్చిదంటాడని ఊరుకుంది.

మర్నాడు షట్టరు చప్పుడయ్యేలా ఎత్తి, చెప్పులు విప్పేసి, పిల్లిలా వెనక్కి వచ్చింది. తను వేసి వెళ్లిన లైటు ఆరిపోయి ఉంది. ఆ చీకట్లో, ఓవెన్ పక్కన, అత్తగారు తల కాస్త వంచి నిలబడి ఉంది, చెవిలో ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు.

ఆవిడ తినేసోడా డబ్బా తీసింది. ఓ చెంచా గిన్నెలో వేసింది.

"వేశానండీ," అంది.

తల ఇంకాస్త వంచి వింది. ఆవిడ ముసిముసిగా నవ్వింది.

"మళ్లీనా? సరే," అంటూ ఇంకో చెంచా వేసింది.

కోడలు లైటు వేసింది.

"మీరా అత్తయ్యా! నా కేకు రోజూ పాడుచేస్తోంది మీరా? నా చేతికి మంచిపేరు రాకూడదనా?"

కేకలు విని మొగుడు పరుగెత్తుకొచ్చాడు. అత్తగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"అడుగుతున్నారు కదమ్మాయ్. అడిగితే వెయ్యొద్దూ?"

"ఎవరడుగుతున్నారు?"

ఆవిడ ఓవెన్ పక్కనున్న ఖాళీ వైపు చూసింది. కొడుకూ అటే చూశాడు.

అప్పుడు చెప్పింది ఆవిడ. పెళ్లైన కొత్తలో ఒకసారి మామగారు సోడా వేశానో లేదో గుర్తులేక రెండుసార్లు వేశారట. ఆ రోజు కేకులన్నీ ఇలాగే నల్లబడి, సబ్బు రుచితో చెత్తబుట్ట పాలయ్యాయి. అప్పట్నుంచీ ఆయన ఆ డబ్బా ముట్టలేదు. సోడా వెయ్యడం భార్య పని. గిన్నె కలిపి, "వేశావా?" అని అడిగేవారు. ఆవిడ "వేశానండీ" అంటే గానీ కేకు ఓవెన్లోకి వెళ్లేది కాదు. కోడలికి కొలత చెప్పారు గానీ, అది ఎవరి చేత్తో పడాలో చెప్పలేదు. ఆమె తనే వేసుకుంటోంది. ఆ పైన ఆవిడా వేస్తోంది.

"ఒక్కోరోజు రెండు మూడుసార్లు అడుగుతారు. మతిమరుపు ఎక్కువైంది పాపం," అంది ఆవిడ.

కొడుకు తల పట్టుకున్నాడు. "రేపట్నుంచి వంటింటికి తాళం. అమ్మని కొన్నాళ్లు అక్క దగ్గరుంచి డాక్టరుకి చూపిద్దాం."

"తాళం వెయ్యకురా! నేను కనబడకపోతే ఆయన ఎవర్నడుగుతారు?"

ఆ మాటకి కోడలి కోపమంతా నీరుగారిపోయింది. ఇంతసేపూ ఈ ముసలి ప్రాణం మీదేనా తను అరిచింది అనుకుని సిగ్గుపడింది.

"డాక్టరుకి నేను చూపిస్తాను. తాళం వద్దు, ఎక్కడికీ పంపొద్దు," అంది గట్టిగా.

మర్నాడు ఆమె అన్నీ కలిపింది, సోడా ఒక్కటి తప్ప. షట్టరు ఎత్తడానికి వెళ్లకుండా అక్కడే నిలబడింది. కోడలు మళ్లీ అరుస్తుందేమోనన్న జంకుతో అత్తగారు గుమ్మం దగ్గరే ఆగింది.

"రండి అత్తయ్యా."

ఇద్దరూ గిన్నెకి చెరోపక్కా నిలబడ్డారు. అత్తగారు తల వంచి వింటోంది. చెప్పడానికి సిగ్గుగానీ, కోడలూ చెవులు రిక్కించే ఉంది. ఎంతసేపటికీ ఏమీ వినిపించలేదు. అత్తగారి కళ్లు గది నాలుగు మూలలా వెతకసాగాయి. కోడలు చూడలేకపోయింది. తనే అడిగింది.

"వేశారా, అత్తయ్యా?"

ఆవిడ ఉలిక్కిపడింది. చెయ్యి దానంతటదే డబ్బా వైపు వెళ్లింది. సరిగ్గా ఒక చెంచా, అంచుకి సమంగా వేలితో గీసి వేసింది.

"వేశానమ్మా."

చెంచా పట్టుకుని ఇంకా ఎదురుచూసింది. ఓవెన్ చిన్నగా గుయ్‌మంటోంది, అంతే.

"ఇవాళ ఆయన అడగలేదమ్మాయ్," అంది చివరికి. "నువ్వే అడిగావు."

మామగారు పోయిననాడు కూడా ఒక్క చుక్క రాల్చని మనిషి, గిన్నె అంచు పట్టుకుని భోరుమంది. కోడలు పిండి చేతులతోనే ఆవిడ్ని దగ్గరికి తీసుకుంది. ఆమెకీ కన్నీళ్లు ఆగలేదు. ఏడ్చి ఏడ్చి, చాలాసేపటికి అత్తగారు మొహం తుడుచుకుంది.

"రేపు కూడా అడుగుతావా?"

"రోజూ అడుగుతాను."

"ఒక్కసారే అడుగు," అంది ఆవిడ. "రెండుసార్లు వేస్తే కేకు పాడైపోతుంది."