బట్టీ గదిలో జాడీ

చేత్తో చేసిన పాత జాడీలు, కూజాలు ఎక్కడున్నాయో వెతికి, విలువ కట్టి కొని, మళ్ళీ అమ్మడం ఆ వదినామరుదుల బతుకుదెరువు. చూపు వదినది, మోత మరిదిది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. మీసాలు నెరుస్తున్నా ఆమె కంటికి ఇంకా చంటాడే.

ఆ మధ్యాహ్నం ఓ ఇంటికి వెళ్ళారు. పాత్రలు చేసే పెద్దాయన పోయాడు. ఆయన భార్య సామానంతా అమ్మేస్తోంది. పెరట్లో బట్టీ గది. దుమ్ము పట్టిన కిటికీల్లోంచి పల్చటి వెలుతురు. బట్టీ ఆరిపోయి ఏళ్ళవుతున్నా గదంతా పచ్చి మట్టి వాసన.

వదిన ఒక్కో పాత్రనూ బోర్లించి అడుగున ముద్ర చూస్తోంది. వేలితో కొట్టి, ఖంగుమంటే పక్కన పెడుతోంది. మూలన నడుమెత్తు జాడీ ఉంది. నల్లటి మెరుపు పూత. ఎంత అందంగా ఉందో! కొట్టి చూసింది. మోగలేదు. మెత్తటిదాన్ని తట్టినట్టు దబ్బుమంది.

మూత తీసి లోపలికి టార్చి వేసింది. కుమ్మరి సారె మీద తిప్పి చేసిన పాత్రకి లోపల వేళ్ళ జాడలు గుండ్రంగా తిరుగుతాయి. ఇక్కడ నిలువుగా ఉన్నాయి. అడుగు నుంచి పైకి... గోళ్ళతో రక్కినట్టు.

"అది అమ్మకానికి కాదు," గుమ్మంలోంచి ముసలావిడ అంది. "లోపల చెయ్యి పెట్టకండి."

"పెడితే కరుస్తుందా పెద్దమ్మా?" అంటూ మరిది మోచేతిదాకా దూర్చాడు.

నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"వదినా... ఎవరో పట్టుకున్నారు."

"వేషాలెయ్యకు."

జాడీలో ఎముక విరిగిన చప్పుడు. తర్వాత ఇంకోటి. అతను గావుకేక పెట్టాడు. భుజం దాకా లోపలికి పోయాడు. చెంప జాడీ అంచుకు ఒరుసుకుని చర్మం లేచిపోయింది. వదిన అతని నడుం పట్టుకుని లాగింది. కదల్లేదు. బల్ల మీది సుత్తి అందుకుంది.

ముసలావిడ ఆమె మీద పడి జుట్టు పట్టింది. "పగలగొట్టకే! అది బయటికొస్తుంది!"

వదిన ఆమెను మోచేత్తో పొడిచి, సుత్తి ఎత్తి బలంకొద్దీ కొట్టింది. ఒక దెబ్బ... రెండోది... జాడీ బద్దలైంది.

లోపల ఎవరూ లేరు. పెంకుల లోపలి వైపు తడిగా ఉంది. మరిది నేల మీద ముడుచుకుపోయాడు. నలిగిన చేతికి పిడికిలి బిగిసే ఉంది.

ముసలావిడ గోడకి అతుక్కుంది. ఎదురుగా ఏమీ లేని చోటును చూస్తోంది.

"నేను కాదే..." గొణిగింది. "నిన్ను లోపల పెట్టి మట్టి మెత్తింది ఆయనే... నేను మూత మాత్రమే పెట్టా..."

ఆమె గొంతు మీద సొట్ట పడింది. పక్కనే ఇంకోటి. పచ్చి మట్టిలో బొటనవేళ్ళు దిగినట్టు చర్మం లోపలికి పోయింది. మెడ సన్నబడింది... ఇంకా సన్నబడింది. నోట్లోంచి నెత్తురు వచ్చింది. కాళ్ళు గాల్లో కొట్టుకున్నాయి.

వదిన మరిదిని ఈడ్చుకుంటూ బయటపడింది. వెనక్కి చూడలేదు.

ఆసుపత్రిలో మత్తిచ్చాక గానీ అతని పిడికిలి విడలేదు. డాక్టరు ఒక్కో వేలూ తెరిచాడు. అరచేతిలో ఊడిన ఆడమనిషి గోరు ఒకటి. దాన్ని తీసిన డాక్టరు తన తెల్లటి గ్లవ్ కేసి చూసుకున్నాడు.

దానికి ఎర్రరంగు అంటింది. నెత్తురు కాదు. గోళ్ళరంగు... ఇంకా ఆరలేదు.